గళ్ళకోటు పెద్దాయన, గుర్రాల డబ్బు, నత్త మీద రాజ్యాంగం

కార్టూన్ల సంకలనం ఒక చేత, పాత రాజకీయ చరిత్ర ఇంకో చేత పట్టుకుని చదివితే ఆ మజాయే వేరు. జవళగేర లాంటి ఊళ్ళో అయితే అది కాలక్షేపంతో ఆగదు, సొంత ఇంటి కథ దాకా వెళ్తుంది.

మే నెల మధ్యాహ్నం. సింధనూరు నుంచి రాయచూరు వెళ్ళే దారిలో జవళగేర. రెండో పంట ఇంటికి చేరింది, కాలవ ఎండింది, నల్లరేగడి బీటలు తీసింది. తెలుగు రైతుల క్యాంపులో ఓ పెంకుటింటి వసారాలో డెబ్బై దాటిన రైతు అటక మీది రేకుపెట్టె దింపించి మూత తీశాడు. గుప్పున కలరా ఉండల వాసన. పైన అట్ట ఊడిన ఆర్‌.కె.లక్ష్మణ్ కార్టూన్ల పుస్తకం. దాని కింద దారంతో కుట్టిన చందమామ బైండు. అడుగున టంగుటూరి ప్రకాశం ‘నా జీవిత యాత్ర’, సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’. సెలవులకొచ్చిన మనవరాలు ఇంట్లో తెలుగే మాట్లాడుతుంది గానీ చదువంతా కన్నడం, ఇంగ్లీషు. అందుకే ముందు బొమ్మల పుస్తకం అందుకుంది.

“తాతా, ప్రతి బొమ్మలోనూ ఈ గళ్ళకోటు ఆయన ఉన్నాడేంటి? ఒక్కసారీ మాట్లాడడేం?”

“మాట్లాడడమ్మా. చూస్తాడు, ఓటేస్తాడు, అంతే.”

“మరి ఈ పొడుగు ముక్కావిడ?”

“ఇందిరా గాంధీ.”

“అంత ముక్కెందుకేశారు? అందరూ ఆవిణ్ణి చూసి ఎందుకలా వణికిపోతున్నారు?”

తాత కళ్ళజోడు సవరించుకున్నాడు. ఆ ప్రశ్నకు జవాబు బొమ్మలో లేదు, పెట్టె అడుగున ఉంది. సాయంత్రం కాఫీ వేళకి ఎమర్జెన్సీ మొదలైంది, రాత్రి భోజనాలయ్యేదాకా ముగియలేదు.

ఎన్నికలొస్తే చాలు, ఇప్పుడు చర్చంతా మీమ్‌ల మీదే. ఎవరు చేశారు, ఎవరి మీద చేశారు, ఎవరి మీద కేసు పెట్టారు! పొద్దున పుట్టిన మీమ్ సాయంత్రానికి పాతబడుతుంది. మర్నాడు వెతికినా దొరకదు. దొరికినా దేని గురించో గుర్తుండదు. అలాంటప్పుడు, యాభై ఏళ్ళ కిందటి కార్టూన్ చూసి పదమూడేళ్ళ పిల్ల నవ్వడం, నవ్వి ‘ఎందుకు’ అని అడగడం ఆశ్చర్యమే.

ఒకే కోటు, మారే కుర్చీలు

రోజుకొకటి చొప్పున పేపర్లో చూసే కార్టూన్ ఒక రకం. వాటినే పుస్తకంగా గుచ్చితే వచ్చేది ఇంకో రకం. మైసూరులో 1921లో పుట్టిన లక్ష్మణ్ 1947లో టైమ్స్ ఆఫ్ ఇండియాలో చేరాడు. 1951 నుంచి ‘యూ సెడ్ ఇట్’ పేరుతో పాకెట్ కార్టూన్ వేశాడు. దశాబ్దాల తరబడి గళ్ళకోటు, పంచె, కళ్ళజోడుతో ఒకే మనిషి. పేపర్లో రోజూ చూసేవాళ్ళకి అతనో అలవాటు. పుస్తకంలో వరసగా పేజీలు తిప్పేవాళ్ళకి మాత్రం ఓ తమాషా కనిపిస్తుంది. నెహ్రూ వెళ్ళిపోతాడు, శాస్త్రి వస్తాడు, ఇందిర వస్తుంది, మొరార్జీ వచ్చి వెళ్తాడు. కోటు మాత్రం మారదు. ధరల మీద 1950ల్లో వేసిన జోకు 1980ల్లోనూ అచ్చంగా సరిపోతుంది. ఏ చరిత్రకారుడూ ఇంత చవగ్గా, ఇంత నిర్దయగా ఈ సంగతి చెప్పలేడు.

అలాగని బొమ్మొక్కటే చాలదు. అబూ అబ్రహాం 1975 డిసెంబరులో ఇండియన్ ఎక్స్‌ప్రెస్‌లో వేసిన బొమ్మలో రాష్ట్రపతి స్నానాల తొట్టిలో కూర్చునే సంతకం పెట్టి కాగితం బయటికి అందిస్తుంటాడు. తెలియనివాళ్ళకి అది తొట్టి జోకు. ఎమర్జెన్సీలో ఆర్డినెన్సులు ఎలా వచ్చాయో చదివినవాళ్ళకి నవ్వుతోపాటు చిన్న వణుకూ పుడుతుంది. అదే ఏడు ఆగస్టులో కార్టూనిస్టు శంకర్ నడిపిన ‘శంకర్స్ వీక్లీ’ మూతపడిందనీ, దాన్ని 1948లో ఆవిష్కరించింది స్వయానా నెహ్రూయేననీ తెలిస్తే బొమ్మకి ఇంకో పొర వచ్చి చేరుతుంది. తన మీద పత్రిక నిండా బొమ్మలు వేయించుకున్న తండ్రి, ఆ పత్రిక మూతపడిన కాలంలో గద్దె మీదున్న కూతురు. నవలాకారుడు రాస్తే అతి అనిపించే మలుపు.

గుర్రాల డబ్బు కోసం యుద్ధం

పాత రాజకీయ చరిత్ర అనగానే తేదీలు, వంశవృక్షాలు గుర్తొచ్చి ఆవలింత రావడం మన పాఠ్యపుస్తకాల పుణ్యం. జవళగేరలో ఉన్నవాళ్ళయితే ఆవలించనక్కర్లేదు. ఊరున్నదే కృష్ణకీ తుంగభద్రకీ నడుమ, రాయచూరు అంతర్వేదిలో. విజయనగరం, బహమనీలు, బిజాపూరు తరాల పాటు కొట్టుకున్నది ఈ నేల కోసమే.

రాబర్ట్ సూయల్ అనే మద్రాసు సివిల్ సర్వీసు అధికారి 1900లో ‘ఎ ఫర్‌గాటెన్ ఎంపైర్’ అచ్చు వేశాడు. అందులో అసలు రుచి సూయల్‌ది కాదు, అతను చివర్లో అనువదించి పెట్టిన ఇద్దరు పోర్చుగీసువాళ్ళది. ఒకడు డొమింగో పేస్. రెండోవాడు ఫెర్నావ్ నూనిజ్, గుర్రాల వ్యాపారి. 1520 నాటి రాయచూరు యుద్ధాన్ని నూనిజ్ చెప్పే తీరు చూస్తే, గడులు గీసి బొమ్మలు వేయడమే తరువాయి అనిపిస్తుంది.

మొదటి గడి: కృష్ణదేవరాయలు ఓ వర్తకుడికి 40,000 పర్దావుల నాణేలిచ్చి గోవాలో గుర్రాలు కొనుక్కురమ్మంటాడు. రెండో గడి: వర్తకుడు డబ్బుతో సహా బిజాపూరు సుల్తాను ఆదిల్‌షా రాజ్యంలోకి ఉడాయిస్తాడు. మనిషినీ డబ్బునీ పంపమని రాయలు కబురు పెడితే సుల్తాను పంపడు. రాయలు దండెత్తుతాడు, కృష్ణ దాటి వచ్చిన సుల్తాను ఓడి పారిపోతాడు. రాయచూరు కోట మాత్రం లొంగదు. అప్పుడు క్రిస్టోవావ్ ద ఫిగ్వెరెడో అనే పోర్చుగీసువాడు కొద్దిమంది తుపాకీవాళ్ళతో వచ్చి గోడ మీద తల పైకెత్తినవాణ్ణల్లా కాలుస్తుంటే, రాయల మనుషులు కింద రాళ్ళు ఊడబీకుతారు. ఏం జరుగుతోందో చూద్దామని కోట అధిపతే తొంగి చూశాడట, గుండు నుదుట తగిలింది. కోట లొంగింది.

అసలు కామెడీ ఆ తరవాత. సుల్తాను వచ్చి తన పాదం ముద్దు పెట్టుకుంటే గెలిచిందంతా తిరిగిచ్చేస్తానంటాడు రాయలు. సుల్తాను రావడానికి మొహమాటపడితే రాయలే ముద్గల్ దాకా వెళ్ళి కూర్చుంటాడు. అదిగో వస్తున్నాడు, ఇదిగో వస్తున్నాడు అంటారే గానీ సుల్తాను ఎంతకీ రాడు. విసుగెత్తిన రాయలు ఏకంగా బిజాపూరుకే పోయి మకాం వేస్తాడు. అక్కడ సైనికులు వంటచెరకు కోసం ఇళ్ళ కలప పీకేస్తారు. సుల్తాను ఫిర్యాదు చేస్తే, నా మనుషుల్ని ఆపడం నా వల్ల కాలేదన్న ధోరణిలో జవాబొస్తుంది.

ఇందులో నూనిజ్ ఎంత చూశాడో, ఎంత విన్నాడో, ఎంత కలిపాడో చరిత్రకారులు తేలుస్తారు. పాఠకుడికి దక్కేది మాత్రం గొప్ప వస్తువు. శాసనాల్లో బిరుదుల బరువుతో నిలబడే మహారాజు ఇక్కడ పంతం పట్టిన మామూలు మనిషి. మంచి కార్టూనిస్టు చేసేదీ ఇదే కదా. ముద్గల్ కోట ఇప్పటికీ ఇదే జిల్లాలో, లింగసుగూరు తాలూకాలో ఉంది. సూయల్ పుస్తకం ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో ఉచితంగా దొరుకుతుంది.

▪ బాక్స్: పటం మారింది, ఇల్లు కదల్లేదు
*1945 ఫిబ్రవరి 28:* తుంగభద్ర ఆనకట్టకు శంకుస్థాపన. ఒక ఒడ్డున మద్రాసు గవర్నరు, ఇంకో ఒడ్డున నిజాం కొడుకు బేరార్ యువరాజు. అప్పటికి రాయచూరు హైదరాబాద్ సంస్థానంలోది.
*1948 సెప్టెంబరు 17:* నిజాం కాల్పుల విరమణ ప్రకటించాడు. రాయచూరు భారత యూనియన్‌లో భాగమైంది.
*1953:* కాలవకు నీళ్ళు. అదే ఏడు అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం. బళ్ళారి జిల్లా చీలింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు, మిగతావి మైసూరుకు.
*1956 నవంబరు 1:* రాయచూరు జిల్లా మైసూరు రాష్ట్రంలోకి. అందులోని అలంపూరు, గద్వాల తాలూకాలు మాత్రం ఆంధ్రప్రదేశ్‌లోకి.

క్యాంపు ఎలా వచ్చింది?

పై బాక్సు చదివితే వసారాలోని తాత ఈ నేల మీద తెలుగు ఎందుకు మాట్లాడుతున్నాడో సగం అర్థమవుతుంది. మిగతా సగం నీళ్ళది. తుంగభద్ర ఎడమగట్టు కాలవ పారుతుందనగానే గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాల రైతులు అక్కడ ఉన్నది అమ్ముకుని ఇక్కడ నల్లనేల కొన్నారు. వాళ్ళు దిగిన చోటల్లా ఓ క్యాంపు. పేరుకి క్యాంపు గానీ మూడు తరాలు గడిచాయి. జవళగేరలో కేంద్ర ప్రభుత్వ విత్తన క్షేత్రం ఉంది. ఇదే సింధనూరు తాలూకాలో తూర్పు పాకిస్థాన్ నుంచి వచ్చిన బెంగాలీ శరణార్థుల పునరావాస క్యాంపులూ ఉన్నాయి. బస్టాండులో పది నిమిషాలు నిలబడితే మూడు నాలుగు భాషలు చెవిన పడతాయి.

ఇలాంటి చోట పాత రాజకీయ చరిత్ర చదవడం పరాయి కథ వినడం కాదు. ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’నే తీసుకోండి. 1949లో వచ్చిన ఆ పుస్తకానికి 1955లో సాహిత్య అకాడమీ పురస్కారం దక్కింది. తెలుగులో మొదటిది అదే. అప్పటికి ప్రతాపరెడ్డి కన్నుమూసి రెండేళ్ళు. ఆయన పుట్టిన బోరవెల్లి అలంపూరు ప్రాంతంలోది. అంటే ఆయన బతికుండగా అది రాయచూరు జిల్లా! సురవరం వారు తెలంగాణవారని ఒకరు, తెలుగువారందరి సొత్తని ఒకరు వాదించుకుంటారు గానీ, జిల్లా రికార్డు ప్రకారం జవళగేరవాళ్ళకీ ఓ వాటా ఉంది. రాజుల బదులు జనం తిండి, బట్ట, ఆటలు, మూఢనమ్మకాలు, జూదాలు రాసిన పుస్తకం అది. చరిత్ర అంటే విసుగనేవాళ్ళ చేతిలో ముందు పెట్టాల్సింది అదే.

తెలుగు చరిత్ర పుస్తకాల అంతకు ముందు కథా బాగుంటుంది. కొమర్రాజు లక్ష్మణరావు, మిత్రులు 1906లో హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా మండలి పెట్టారు. మొట్టమొదట అచ్చువేసిన పుస్తకం ఏ దేవుడిదీ, ఏ తెలుగు రాజుదీ కాదు. అబ్రహాం లింకన్ చరిత్ర! రాసింది గాడిచర్ల హరిసర్వోత్తమరావు. ఆ తరవాత, 1908లో, ‘స్వరాజ్య’ పత్రికలో రాసిన సంపాదకీయానికి ఆయన్ని జైలుకు పంపారు. బానిసల్ని విడిపించినవాడి కథ తెలుగులో రాసిన మనిషికి తెల్లదొరలు సంకెళ్ళు వేయడం కన్నా పెద్ద కార్టూన్ ఏముంటుంది?

ఒకే బేతాళుడు, రెండు లిపులు

క్యాంపుల్లో తరాల మధ్య ఓ చిక్కుంది. తాతకి కన్నడం మాట్లాడడమే వచ్చు. మనవడికి తెలుగు చదవడం రాదు. ఈ చిక్కుని చాలా ఏళ్ళు విప్పింది చందమామ. నాగిరెడ్డి, చక్రపాణి 1947 జులైలో తెలుగు, తమిళాల్లో మొదలుపెట్టిన పత్రిక 1949కల్లా కన్నడంలోనూ వచ్చింది. కథ అదే, బొమ్మ అదే, లిపి వేరు. భుజాన శవంతో, చేత కత్తితో నడిచే విక్రమార్కుడు, చందమామ చిత్రకారుడు శంకర్ గీసిన ఆ బొమ్మ, ఏ భాషవాడికైనా ఒకటే. తెలుగు చందమామ చదివిన తండ్రి, కన్నడ చందమామ చదివిన కొడుకు ఒకే కథ గురించి భోజనాల దగ్గర మాట్లాడుకోగలిగారు. పత్రిక ఆగిపోయాక ఆ ఉమ్మడి పేజీ పోయింది.

బేతాళుడు పెద్దల్నీ వదల్లేదు. ముళ్ళపూడి వెంకటరమణ ఆ చట్రాన్నే తీసుకుని ‘రాజకీయ బేతాళ పంచవింశతి’ రాశాడు. పిల్లల కథ ఎత్తుగడతో పెద్దల రాజకీయాన్ని చెడుగుడాడించాడు. ఆయన జోడీ బాపు 1955లో ఆంధ్రపత్రికలో రాజకీయ కార్టూనిస్టుగానే అడుగుపెట్టాడన్నది, మొగుడూ పెళ్ళాల జోకుల వెల్లువలో చాలామంది మరిచిపోయిన సంగతి.

తెలుగులో గడుల బొమ్మల కథ అనగానే తలచుకోవాల్సిన పేరు బుజ్జాయి. దేవులపల్లి కృష్ణశాస్త్రి కొడుకు. ‘డుంబు’ని సృష్టించినవాడు. 1960ల్లో ఆయన గీసిన పంచతంత్రం ఇలస్ట్రేటెడ్ వీక్లీ ఆఫ్ ఇండియాలో ధారావాహికగా వస్తే దేశమంతా చదివింది. 2022లో ఆయన పోయినప్పుడు చాలా పత్రికలు ‘కృష్ణశాస్త్రి కుమారుడు’ అనే పరిచయం చేయాల్సి రావడం మన మతిమరుపుకి కొలత. కర్ణాటకలోని కార్కళలో పుట్టిన అనంత్ పాయ్ మాత్రం 1967లో మొదలైన అమర చిత్రకథతో ఇంటింటి పేరయ్యాడు. దూరదర్శన్ క్విజ్‌లో గ్రీకు దేవతల ప్రశ్నలకి టక్కున జవాబు చెప్పిన పిల్లలు రాముడి తల్లి పేరు చెప్పలేకపోవడం ఆయన్ని కదిలించిందంటారు. ఆ వరసలో కృష్ణదేవరాయల పుస్తకమూ ఉంది, తెనాలి రామన్నదీ ఉంది. అవి చదివి ఊరుకోకుండా నూనిజ్ దగ్గరికి వెళ్ళిన పిల్లలకి ఎదురయ్యే రాయలు ఇంకొంచెం కోపిష్టి, ఇంకొంచెం ప్రాణమున్నవాడు.

నవ్వు గుచ్చుకున్న చోటు

కార్టూన్ సంకలనాలు చదవడం ఎప్పుడూ హాయిగా ఉంటుందనుకుంటే పొరపాటు.

‘శంకర్స్ వీక్లీ’ శంకర్ 1949లో ఓ బొమ్మ వేశాడు. రాజ్యాంగం ఒక నత్త. దాని మీద కొరడాతో అంబేడ్కర్. వెనక కొరడా ఎత్తిన నెహ్రూ. చుట్టూ చూస్తున్న జనం. అరవై ఏళ్ళ పైచిలుకు తరవాత, 2012లో, అది పదకొండో తరగతి రాజనీతి పాఠ్యపుస్తకంలో ఉందని పార్లమెంటు దద్దరిల్లింది. పుస్తకానికి సలహాదారులైన యోగేంద్ర యాదవ్, సుహాస్ పల్శీకర్ రాజీనామా చేశారు. ఒకరు భావస్వేచ్ఛ అన్నారు, ఒకరు అవమానం అన్నారు.

ఆ గొడవ నుంచి ఓ మంచి పుస్తకం పుట్టింది. పుట్టించింది విజయవాడ మనిషి. ఉన్నమతి శ్యామసుందర్ స్వయంగా కార్టూనిస్టు. చందమామ బొమ్మల మీదే ఢిల్లీ జేఎన్‌యూలో పరిశోధన చేసినవాడు. 1932 నుంచి 1956 దాకా ఇంగ్లీషు పత్రికలు అంబేడ్కర్ మీద వేసిన కార్టూన్లు వెతికి, వందకు పైగా ఏరి, ఒక్కోదాని పక్కన అప్పటి సందర్భం రాసి 2019లో ‘నో లాఫింగ్ మేటర్’గా తెచ్చాడు. ఒక్క బొమ్మయితే సరదా అని వాదించొచ్చు. వందా వరసగా చూస్తే ఆ వాదన నిలవదు. గాంధీ, నెహ్రూ నిండు మనుషులుగా, అంబేడ్కర్ మాత్రం మరుగుజ్జుగానో, పిల్లాడిగానో, ఆడవేషంలోనో. గీసినవాళ్ళ కళ్ళకి కులం కళ్ళజోడు ఎలా ఉందో సంకలనమే బయటపెట్టింది. ఇది విడి కార్టూన్ చేయలేని పని.

ఇప్పుడు రెండో పుస్తకం తెరవండి, రాజ్యాంగ సభ చర్చలు. 1948 నవంబరులో టి.టి.కృష్ణమాచారి లేచి చెప్పిన మాటల సారాంశం ఇది: ముసాయిదా సంఘంలో ఏడుగురున్నారని పేరు. ఒకరు రాజీనామా చేశారు, ఒకరు చనిపోయారు, ఒకరు అమెరికాలో ఉన్నారు, ఒకరు సంస్థానాల పనుల్లో మునిగారు, ఒకరిద్దరు అనారోగ్యంతో ఢిల్లీకి దూరంగా ఉండిపోయారు. చివరికి బరువంతా అంబేడ్కర్ మీదే పడింది. ఇది చదివి మళ్ళీ ఆ బొమ్మ చూస్తే నత్త మీద కూర్చున్నవాడు బద్ధకస్తుడిలా కనిపించడు. నత్తనే మోస్తున్నవాడిలా కనిపిస్తాడు. రాజీనామా వల్ల ఖాళీ అయిన చోటులోకి వచ్చింది మచిలీపట్నంలో పుట్టి మైసూరు దివానుగా చేసిన న్యాపతి మాధవరావు. కర్ణాటక తెలుగువాళ్ళు గుర్తుపెట్టుకోదగ్గ పేరు.

నంది కొండ మీద ప్రజాస్వామ్యం

తెలుగు కార్టూన్‌కి పండగ రోజులంటే 1978–84. చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కరరెడ్డి… ఐదేళ్ళలో నలుగురు ముఖ్యమంత్రులు. అంజయ్య మంత్రివర్గంలో అరవై మందికి పైగా ఉన్న రోజులున్నాయి. అంతమందిని చిన్న గడిలో ఇరికించడమే కార్టూనిస్టుకి పరీక్ష. 1982 ఫిబ్రవరిలో బేగంపేట విమానాశ్రయంలో రాజీవ్ గాంధీ అంజయ్యను కసిరిన సంగతి ఊరూరా చర్చయింది. మార్చి 29న తెలుగుదేశం పుట్టింది. రెండేళ్ళు దాటాక, 1984 ఆగస్టు 16న, గుండె ఆపరేషన్ చేయించుకుని అమెరికా నుంచి అప్పుడే తిరిగొచ్చిన ముఖ్యమంత్రి ఎన్టీఆర్‌ను గవర్నర్ రాంలాల్ తప్పించి నాదెండ్ల భాస్కరరావును కూర్చోబెట్టాడు. ఎన్టీఆర్ వెంట ఉన్న ఎమ్మెల్యేలు చేజారకుండా తీసుకొచ్చి దాచింది ఎక్కడ? రామకృష్ణ హెగ్డే ఏలుబడిలోని కర్ణాటకలో, నంది కొండ మీద. సరిగ్గా నెలకి, సెప్టెంబరు 16న, ఎన్టీఆర్ మళ్ళీ ముఖ్యమంత్రి. రిసార్టు రాజకీయాలు ఇప్పటివనుకునే కుర్రాళ్ళు ఆ నెల రోజుల పేపర్ బొమ్మలు వరసగా చూడాలి.

ఆ రోజుల్లో ఈనాడులో శ్రీధర్ ‘ఇదీ సంగతి’, ఆ తరవాత ‘ఉదయం’ దినపత్రికలో మోహన్ గీతలు చూడ్డానికే పేపర్ తెరిచినవాళ్ళున్నారు. మోహన్ గీయడంతో ఆగకుండా ‘కార్టూన్ కబుర్లు’ రాశాడు. గీత వెనక బుర్ర ఎలా పనిచేస్తుందో చెప్పే ఇలాంటి పుస్తకాలు తెలుగులో తక్కువ.

▪ బాక్స్: ఈ జతలు చదివి చూడండి
నూనిజ్ కథనం, పక్కన అమర చిత్రకథ ‘కృష్ణదేవరాయ’.
లక్ష్మణ్ సంకలనం ఏదైనా, పక్కన ఎమర్జెన్సీ మీద వచ్చిన పుస్తకం ఏదైనా.
‘నో లాఫింగ్ మేటర్’, పక్కన రాజ్యాంగ సభ చర్చల సంపుటాలు.
ముళ్ళపూడి ‘రాజకీయ బేతాళ పంచవింశతి’, పక్కన ప్రకాశం ‘నా జీవిత యాత్ర’. కుర్రతనంలో నాటకాల్లో వేషాలు కట్టినవాడు సైమన్ కమిషన్ నాటికి తుపాకీకి రొమ్ము చూపిన వైనం అందులో ఉంది.

తేదీ లేని నవ్వు

ప్రచురణకర్తల మీద ఓ ఫిర్యాదు. మన కార్టూన్ సంకలనాల్లో చాలావాటికి బొమ్మ కింద తేదీ ఉండదు. ఏ పత్రికలో వచ్చిందో, ఆ వారం ఏం జరిగిందో ఒక్క వాక్యం ఉండదు. ఇరవై ఏళ్ళు గడిస్తే ఆ మంత్రి ఎవరో గీసినవాడికే గుర్తుండదు. శ్యామసుందర్ పుస్తకం నిలబడిందంటే బొమ్మల వల్ల ఎంతో, పక్కన రాసిన సందర్భం వల్ల అంత. అటు పాత చరిత్ర పుస్తకాల పునర్ముద్రణల్లో చివర పదసూచిక వేయడం మానేశారు. ఐదొందల పేజీల్లో రాయచూరు ఎక్కడుందో వెతుక్కోవడం పాఠకుడి ఖర్మ. ఈ రెండూ పెద్ద ఖర్చు పనులు కావు, శ్రద్ధ పనులు.

హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద, విజయవాడలో జనవరి పుస్తక మహోత్సవంలో ఇలాంటివి ఇంకా దొరుకుతున్నాయి. రాయచూరు జిల్లా క్యాంపుల్లో అటకల మీదా ఉన్నాయి. ఇల్లు పడగొట్టి డాబా వేసేటప్పుడు అవి కిలోల లెక్కన పాత పేపర్లవాడి తక్కెడలోకి వెళ్తున్నాయి. తూకానికి వేసేముందు ఒక్క పూట ఆగండి. పాత వారపత్రికల బైండ్లు, కార్టూన్ కత్తిరింపులు, 1950ల్లో ఇక్కడికి తరలివచ్చినప్పటి భూమి కాగితాలు, ఉత్తరాలు, జమాఖర్చు పుస్తకాలు విడిగా తీసి పెట్టండి. ఫోన్‌తో పేజీ పేజీ ఫొటో తీసి, మీద తేదీ, ఊరు రాయండి. దగ్గర్లో ఉన్న గ్రంథాలయానికో, కాలేజీ చరిత్ర విభాగానికో ఒక నకలు ఇవ్వండి.